అడగని ఆరువందల మీటర్లు

12 నవంబర్, మంగళవారం

పొద్దున కారు అద్దం మీద పేరుకున్న మంచును గీకాల్సి వచ్చింది. ఈ ఏడాదికి ఇదే మొదటిసారి. నేను గీకుతుంటే నా భర్త టోర్కెల్ కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. సాయంత్రం యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి, నేలమాళిగలో ఉండాల్సిన స్కేట్లు వంటింటి బల్ల మీద ఉన్నాయి. అంచులకు ఆకురాయి పెడుతున్నాడు.

"డాక్టరు సరేనంది," అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"నేను అనలేదుగా."

"నిన్ను అడగలేదుగా."

మార్చి తొమ్మిదిన ఎకోల్న్ సరస్సు మీద ఐసు విరిగి ఈ మనిషి నీళ్లలో పడ్డాడు. పదకొండు నిమిషాలు. బయటికి లాగింది నేనే. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. కుడిచేతి రెండు వేళ్లకు మాత్రం ఇంకా స్పర్శ రాలేదు. ముప్ఫై ఏడేళ్లు పళ్లసెట్లు చేసిన చేయి అది.

నేను ఐసు మీదికి రానన్నాను. అయితే ఒక్కడినే పోతానన్నాడు. ఒంటరిగా ఐసు మీదికి పోయినవాణ్ణి మా స్కేటింగ్ సంఘంలో ఎవరూ క్షమించరు, బతికి వచ్చినా సరే. ఇరవై రెండేళ్లు సంఘంలో బృందాలను నడిపించినదాన్ని పట్టుకుని ఆ మాటతో బెదిరిస్తున్నాడు.

నా అభ్యంతరం భయం కాదు. ఇది ఇక్కడైనా స్పష్టంగా రాసుకోవాలి. అది సూత్రం. ఇప్పటిదాకా ఐసు ఎన్ని అడుగులు మోసినా, తరువాతి అడుగును మోస్తుందనడానికి అది రుజువు కాదు. చూసినవాటిని బట్టి చూడనిదాన్ని తేల్చడమే ఆగమన తర్కం. సైన్సంతా దాని మీదే నడుస్తుంది, దానికి గట్టి పునాది మాత్రం ఎవరూ చూపించలేకపోయారు. "ఇంతవరకు పనిచేసింది కదా" అంటే, ఆ తర్కాన్ని మళ్లీ ఆ తర్కంతోనే నిలబెట్టడం అవుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. ఇదంతా టోర్కెల్‌కు చెప్పాను.

"ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నావు, పొద్దున్నే మంచం దిగి కాలు నేలమీదే పెడుతున్నావు. నేల ఉంటుందని నీకెవరు చెప్పారంట?"

బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టాను. కాసేపాగి ఒకదాన్ని గుచ్చి చూసి గిన్నె దించాను. వెనక నుంచి నవ్వు వినిపించింది.

"ఒక్కటి గుచ్చితే చాలా ప్రొఫెసరమ్మా? మిగతావి ఏమనుకుంటాయి?"

13 నవంబర్

స్కేట్లకు నూనె రాశాడు. నేను చూడలేదు.

19 నవంబర్

నర్సింగ్ పరిశోధన చదివే ఇరవైమందికి ఈ రోజు ఆగమన తర్కం పాఠం. ప్రతి ఏడాదీ మా మొనకర్రనే ఉదాహరణగా చెబుతాను. ఈసారి మానేద్దామనుకున్నాను. నోటికి అలవాటు, చెప్పేసింది.

"చేతిలో ఇనుప మొన ఉన్న కర్ర ఉంటుంది. దాంతో ముందున్న ఐసును పొడుస్తారు. ఒక్క పోటుకే మొన దిగిపోతే వెనక్కి తిరుగుతారు. ఆగితే ముందుకు పోతారు. నూరు పోట్లు ఆగాయి. నూటొకటోది ఆగుతుందని నమ్మడానికి మీ దగ్గర ఏముంది?"

ఎప్పుడూ ఇక్కడ గది నిశ్శబ్దమవుతుంది, నాకు కాస్త గర్వంగా ఉంటుంది. ఈసారి మాల్వా రీడేన్ అనే ఆమె, చేతిలో స్వెట్టరు అల్లిక ఆపకుండానే నోరు విప్పింది. నలభై దాటిన మనిషి. పదిహేనేళ్లు ఆసుపత్రి వార్డులో పనిచేసి మళ్లీ చదువుకు వచ్చింది.

"ఒక మాట చెప్పండి, సోల్వేగ్. మీరు అడుగుతున్నది కారణమా, గ్యారంటీనా?"

"తేడా ఏమిటి?"

"మా వార్డులో రోగికి గ్యారంటీ ఇస్తే ఉద్యోగం పోతుంది. కారణం లేకుండా మందిచ్చినా పోతుంది. మేం ఆ రెండింటి మధ్యనే బతికేది."

అందరూ నవ్వారు. మంచి ప్రశ్న, వచ్చేవారం మాట్లాడుకుందాం అన్నాను. క్లాసు అయిపోవడానికి ఇంకా పది నిమిషాలుంది.

27 నవంబర్

సిక్స్‌టెన్ ఫోన్ చేశాడు. మా సంఘం కార్యదర్శి. డెబ్భై నాలుగేళ్లు, ఇప్పటికీ ఫోనులో తన పేరు పూర్తిగా చెప్పి మొదలుపెడతాడు.

మాలో ఎవరు నీళ్లలో పడ్డా మునక రిపోర్టు రాయాలి. ఎక్కడ, ఎలా, ఏ తప్పు వల్ల అన్నది సంఘమంతా చదువుతుంది. సిగ్గు ఒక్కరిది, పాఠం అందరిది అని సిక్స్‌టెన్ ఏటా అంటాడు. ఆ రోజు ముందు నడిచినదాన్ని కాబట్టి, టోర్కెల్ ఆసుపత్రిలో ఉండగానే నేనే రాసి పంపాను.

"నీ రిపోర్టును బట్టి ఈసారి నాయకుల శిక్షణలో ఒక కొత్త వాక్యం పెడుతున్నాం. వసంతకాలపు ఐసు మీద మొనకర్రను నమ్మవద్దు, అని."

"ఒక్క రిపోర్టుతోనా?"

"రాసింది నువ్వు. ఇంకొకళ్లయితే పది కావాలి." కాగితం తిప్పిన చప్పుడు. "'రెల్లు దుబ్బుల నుంచి లంక దాకా రెండు మూడు గజాలకోసారి పొడిచాను. ప్రతిసారీ మొన ఆగింది.' నీ మాటలేగా?"

"నా మాటలే."

"జనవరి పద్దెనిమిదిన శిక్షణ. నువ్వే వచ్చి చెప్తే బాగుంటుంది."

చూస్తానన్నాను. పొడిచాను. ప్రతిసారీ ఆగింది. అయినా విరిగింది. అందుకే నాకు ఐసు మీద నమ్మకం పోయింది. ఇందులో దాపరికమేముంది? పొడిచాను.

1 డిసెంబర్, ఆదివారం

క్రిస్మస్ పండుగకు నాలుగు వారాల ముందు వెలిగించే మొదటి కొవ్వొత్తి. టోర్కెల్ మూడు అగ్గిపుల్లలు గీయబోయాడు, మూడూ జారిపోయాయి. నాలుగోది నేను గీశాను. "పోనీలే, ఎవరు వెలిగిస్తేనేం," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కాఫీ పెట్టే వంకతో లోపలికి పోయాను.

10 డిసెంబర్

ఒకసారి వరసగా రాస్తే కుదురుగా ఉంటుందేమో.

మార్చి తొమ్మిది, శనివారం. ఎండ. ఇద్దరమే బయలుదేరాం. నేను ముందు, అతను ఇరవై గజాలు వెనక. ఒడ్డు దగ్గర పొడిచాను, ఆగింది. సరస్సు అఖాతం దాటేదాకా పొడుస్తూనే ఉన్నాను. రెండు గంటలు, వందల పోట్లు, ఒక్కటీ దిగలేదు. రెల్లు దుబ్బుల దగ్గర ఆగి థర్మాస్‌లో టీ తాగాం. అక్కడి నుంచి లంకకు ఆరువందల మీటర్లు. సగం దాటాక నా కింద ఐసు కొంచెం వంగినట్టనిపించింది. నేను తేలిక, దాటిపోయాను. వెనక చప్పుడు పెద్దగా లేదు. వెనక్కి తిరిగితే టోర్కెల్ లేడు, టోపీ మాత్రం ఉంది.

తాడు విసిరాను. రెండోసారికి పట్టుకున్నాడు. పైకి లాగినప్పుడల్లా అంచు విరిగిపోయేది. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. "ఇక వదిలేయ్," అన్నాడొకసారి. నోర్ముయ్ అన్నాను. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదలు.

అంతే జరిగింది. ఇంకేం లేదు.

14 డిసెంబర్

పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ప్రశ్న ప్రతి ఏడాదీ ఇచ్చేదే: ఆగమన తర్కానికి సమర్థన ఉందా? పంతొమ్మిదిమంది నేను చెప్పిందే నాకు వడ్డించారు. మాల్వా రీడేన్ ఒకటిన్నర పేజీ రాసింది. ఒక ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"రక్తం ఎక్కించే ప్రతిసారీ బ్యాగు మీది గ్రూపును రోగి చేతిపట్టీతో సరిచూస్తాం. పదిహేనేళ్లలో నాకు ఒక్కసారీ తేడా రాలేదు. నా అనుభవం చెప్పేది: ఈసారీ సరిపోతుంది. అయినా చూస్తాను. సరిపోయిందిలే అని చూడడం మానేసిన రోజు నేను నమ్ముతున్నది అనుభవాన్ని కాదు, నా బద్ధకాన్ని. ఆగమన తర్కం తప్పదని ఎవరూ చెప్పలేరు. తప్పినప్పుడు తెలుసుకునే దారి తెరిచి ఉంచినంతకాలం, దాన్ని పట్టుకుని నడవడం బుద్ధిగల పనే. దారి మూసేసి, ఆ తరువాత తర్కం మోసం చేసిందని ఏడవడం న్యాయం కాదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పేపరు బోర్లించి లేచి నిలబడ్డాను. టోర్కెల్ ఏమైందన్నాడు. నడుం పట్టేసిందన్నాను.

15 డిసెంబర్

నేను పొడవలేదు.

16 డిసెంబర్

నేను పొడవలేదు. రెల్లు దుబ్బుల దగ్గర టీ తాగి లేచాక ఒక్క పోటు కూడా వేయలేదు. కర్ర చంకలో ఉంది. రెండు చేతులతో నారింజ ఒలుస్తున్నాను. ఎండ మొహం మీద పడుతోంది. పొద్దుటి నుంచీ ఐసు రాయిలా ఉంది, ఇంకా పొడవడమెందుకు అనుకున్నాను. అనుకోను కూడా లేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. సగం నారింజ టోర్కెల్‌కు ఇద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను టోపీని.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రిపోర్టు రాస్తూ "పొడిచాను" అని రాశాను.  ఆ తరువాత రోజూ నాలో నేను అదే చదువుకున్నాను. నిజమైపోయింది దాదాపు.

ఐసు నన్ను మోసం చేసిందన్నాను. తర్కానికి పునాది లేదన్నాను. నేను చేసిన తప్పును మూడు వందల ఏళ్ల తత్వశాస్త్రం మీదికి నెట్టి హాయిగా ఉన్నాను. పైగా ఇప్పుడు నా ఒక్క అబద్ధాన్ని పట్టుకుని సిక్స్‌టెన్ అందరికీ పాఠం చెప్పబోతున్నాడు. వచ్చే మార్చిలో ఎవరో ఒకరు, కర్రను ఎలాగూ నమ్మకూడదట కదా అని, దాన్ని ఇంట్లో వదిలేసి పోతారు. వాళ్ల వెనకా ఒకరుంటారు.

టోర్కెల్‌కు చెప్పాలి. ముందు అతనికే.

24 డిసెంబర్

చెప్పలేదు. ఊరవేసిన చేప బాగా కుదిరింది.

2 జనవరి

అఖాతంలో ఐసు కట్టింది. మధ్యాహ్నం మూడోఅంతస్తు కిటికీలోంచి స్కేటింగ్ చేసేవాళ్లు కనిపించారు, నలుగురు, వరసలో. టోర్కెల్ దుర్భిణి పెట్టుకుని చూస్తున్నాడు.

"శనివారం పోతున్నా," అన్నాడు. "నీతోనో, నేనొక్కణ్ణోనో."

4 జనవరి, శనివారం

పొద్దున తొమ్మిదింటికి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్లు కడుతున్నాడు. ముడి పడటం లేదు. స్పర్శ లేని వేళ్లు తాడును వదిలేస్తున్నాయి. సాయం అడగడు. పది నిమిషాలు చూసి, వెళ్లి కింద కూర్చుని నేనే కట్టడం మొదలుపెట్టాను. తల ఎత్తకుండా ఉంటే చెప్పడం తేలికైంది.

"ఆ రోజు రెల్లు దుబ్బులు దాటాక నేను పొడవలేదు."

 ఒక ముడి వేశాను. రెండో బూటు లాక్కున్నాను.

"రిపోర్టులో అబద్ధం రాశాను."

"తెలుసు."

తల ఎత్తాను.

"వెనకే ఉన్నాను కదే. కర్ర చప్పుడు ఆగిపోతే నాకు తెలీదా? టక్, టక్ అని రెండు గంటలు విని, ఉన్నట్టుండి ఏమీ లేదు. నారింజ వాసన కూడా వచ్చింది."

"మరి అరవొచ్చుగా. పొడువూ అని ఒక్క మాట అనొచ్చుగా."

"అనొచ్చు." గోడకు ఆనుకున్నాడు. "ఇరవై రెండేళ్లలో నువ్వు ఒక్కసారీ తప్పలేదు. నీకు తెలిసే చేస్తున్నావనుకున్నా. నువ్వు ఐసును అడగడం మానేశావు, నేను నిన్ను అడగడం మానేశా. ఇద్దరం కలిసే మునిగాం, తడిసింది నేనొక్కణ్ణి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తరువాత కోపం వచ్చింది, చాలా కోపం.

"పది నెలలు. నేను అబద్ధం రాశానని తెలిసి పది నెలలు నోరు మూసుక్కూర్చున్నావా?"

"నువ్వే చెప్తావని చూస్తున్నా."

"ఏ ఆధారంతో?"

"ముప్ఫై నాలుగేళ్ల ఆధారంతో. గ్యారంటీ అయితే లేదనుకో. డిసెంబర్లో నాకే అనుమానం వచ్చింది."

అతని మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. స్కేటింగ్ బూటు నా పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నా లేవలేదు. ఆ రోజు ఎవరమూ ఎక్కడికీ పోలేదు. చల్లారిన కాఫీ మళ్లీ వేడి చేసుకుని తాగాం.

11 జనవరి

సిక్స్‌టెన్‌కు ఫోన్ చేసి వస్తానన్నాను. ఎందుకో చెప్పలేదు. టోర్కెల్ ఇంకా ఐసు ఎక్కలేదు. ఆగుతానన్నాడు, నీ పని అయ్యేదాకా.

18 జనవరి

బడి వ్యాయామశాలలో ఇరవైనాలుగుమంది నాయకులు, మడత కుర్చీల్లో. తెర మీద పెద్ద అక్షరాలతో ఆ కొత్త వాక్యం. కింద బ్రాకెట్లో నా పేరు. కాగితం మీద రాసుకున్నది చదవలేకపోయాను, జేబులో పెట్టేశాను.

"ఆ వాక్యం తీసేయండి," అన్నాను. "నేను పొడవలేదు. నారింజ ఒలుచుకుంటున్నాను. అక్కడ కర్ర ఏం చెప్పేదో ఎవరికీ తెలియదు. దిగిపోయేదేమో, ఆగేదేమో. నేను అడగలేదు కాబట్టి ఆ ఆరువందల మీటర్ల గురించి మన దగ్గర ఉన్నది సున్నా. నా రిపోర్టు ఆ సున్నాను రుజువులా చూపించింది."

సిక్స్‌టెన్ మొహం గోడలా అయింది. అందరి ముందే అన్నాడు.

"పది నెలల పాటు నా చేత తప్పు పాఠం మోయించావు, సోల్వేగ్."

"అవును."

"పొడవనందుకు ఎవరూ నిన్ను ఏమీ అనేవాళ్లు కాదు."

"తెలుసు. నన్ను నేను అంటానని భయపడ్డాను."

 అప్పుడు వెనక వరసలోంచి గుడ్రున్ లేచింది. ఆమె నాకన్నా పాత నాయకురాలు, మోకాళ్లు రెండూ మార్పించుకున్న మనిషి.

"నేను శాండ్‌విచ్ తింటూ మానేస్తుంటాను," అంది. "ముందు వెళ్లినవాళ్ల గీతలు కనిపిస్తే అసలు పొడవను. వాళ్లు పొడిచే ఉంటారులే అని. చెప్తే చెప్పాను, నాకేమీ బాగాలేదు ఈ మాట."

ఒకరి తరువాత ఒకరు. ఫోటో తీస్తూ ఒకరు. మధ్యాహ్నమైతే చేయి నొప్పి పుడుతుందని ఒకరు. సిక్స్‌టెన్ చాలాసేపు విని, లేచి తెర మీది వాక్యం కొట్టేశాడు. దాని చోట రాసింది ఇది: "అంతా బాగుందనిపించినప్పుడు ఎవరు పొడవడం మానేస్తారో, ఎప్పుడో రాసి పంపండి. మార్చి వరకు." అప్పుడు నా వైపు తిరిగాడు. నా నాయకత్వం ఏడాది పాటు రద్దని చెప్పాడు. ఇంకొకరి గొంతయితే చేదుగా ఉండేది. కాఫీ తాగి పొమ్మన్నాడు.

బస్సులో ఇంటికి వస్తూ మాల్వా రీడేన్‌కు ఒక ఉత్తరం రాశాను. పేపరుకు పూర్తి మార్కులు వేశాననీ, వచ్చే ఏడాది ఆ పాఠం తన పేజీన్నరతో మొదలుపెట్టడానికి అనుమతి కావాలనీ. పాఠం మార్చాలంటే ముప్ఫై ఏళ్ల నోట్సు పారేయాలి. పారేద్దాం.

26 జనవరి, ఆదివారం

పొద్దున పదింటికి ఎకోల్న్. మైనస్ ఆరు, గాలి లేదు. టోర్కెల్ బూట్లకు ముడి నేను వేశాను, నా మెడలో, నీళ్లలో పడితే ఐసును పట్టుకుని పైకి పాకడానికి వాడే రక్షణ మేకులు అతను వేశాడు. నాయకురాలిని కాను ఇప్పుడు. ఇద్దరం పక్కపక్కన పోవచ్చు, అయినా నేను ముందు పోతానన్నాను. అతను అభ్యంతరం చెప్పలేదు, "చప్పుడు వినిపించాలి మరి," అన్నాడంతే.

మొదటి అడుగు. పొడిచాను. ఆగింది. సూత్రాలేవీ గుర్తు రాలేదు. రెండో అడుగు. పొడిచాను. తరువాతి పోటు ఆగుతుందని నా దగ్గర రుజువు లేదు, ఎప్పటికీ ఉండదు. వేసిన ప్రతి పోటూ మాత్రం ఒక ప్రశ్న, దానికి ఐసు తన ఇష్టమొచ్చిన జవాబు చెప్పగలదు. నేను సొంతంగా కల్పించుకోలేని జవాబు. సైన్సుకు ఇంతకన్నా గట్టి పునాది ఉందేమో నాకు తెలియదు. దీని మీద నడవగలిగాను.

"టక్ వినిపించలేదు," అన్నాడు వెనక నుంచి.

"ముక్కు తుడుచుకున్నాను."

"ఆగి తుడుచుకో."

ఆగి తుడుచుకున్నాను. ఒక గంట పోయాం. భుజం సలపరించింది, వదల్లేదు. ఎండ వచ్చింది. ఐసు నల్లగా, అద్దంలా, లోపల తెల్లటి బుడగలతో. ఇంత అందమైనదాన్ని ఒక శీతాకాలమంతా కిటికీలోంచి చూద్దామనుకున్నానా అనిపించింది. అఖాతం అవతలి ఒడ్డు దగ్గరపడింది. మహా అయితే రెండువందల మీటర్లు. అక్కడి బెంచీ మీద నలుగురు కూర్చుని భోజనం చేస్తున్నారు, మాకు చేతులూపుతున్నారు. టోర్కెల్ తిరిగి చేయి ఊపాడు.

పొడిచాను. ఒక్క పోటుకే మొన దిగిపోయింది. కర్ర చుట్టూ నీళ్లు ఊరి ఐసు మీదికి పాకాయి.

"ఆగు," అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. "ఇక్కడ కాదంటోంది. తిరుగు."

"వాళ్లంతా దాటే వెళ్లారుగా. బెంచీ కనిపిస్తూనే ఉంది."

"తిరుగు."

తిరిగాడు. వచ్చిన గీతల మీదే, నేను వెనక, అతను ముందు. మునిగిన రోజు నుంచి నాకు భయం తప్ప ఇంకేం తెలియదనుకున్నాను. కానీ అప్పుడు నాకు కలిగింది సంతోషం. అడిగాను, కాదంది, విన్నాను. నా మనిషి నా ముందు పొడిగా, బరువుగా, సణుగుతూ పోతున్నాడు.

"గంట దూరం వచ్చి బెంచీ దాకా పోకుండా తిరిగిన మొహాలు మనవే," అన్నాడు. "రేపైనా మోస్తుందంటావా?"

"తెలీదు," అన్నాను. "రేపు వచ్చి అడుగుదాం."